పట్టాల వెంట వెలుగు తెచ్చిన వెర్నర్ సీమెన్స్



ఒక్క తీగతో బల్బు వెలగదు. బ్యాటరీ నుంచి కరెంటు వెళ్ళడానికి ఒక దారి, తిరిగి రావడానికి మరో దారి ఉండాలి. ఈ సంగతి మనందరం చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అయితే ఒక ప్రశ్న. సైన్స్ ఫెయిర్‌లో ఒక బొమ్మ రైలు గుండ్రని పట్టాల మీద తిరుగుతూ ఉంటుంది. దాని పెట్టెల కిటికీల్లోంచి చిన్న చిన్న దీపాలు వెలుగుతుంటాయి. పెట్టెలో బ్యాటరీ లేదు. పైన తీగ లేదు. వెనకాల వైరు కూడా లేదు. మరి ఆ దీపాలకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

ఇంకో ప్రశ్న. మన వత్సవాయి నుంచి మధిర వెళ్ళి స్టేషనులో నిలబడితే కరెంటు ఇంజను కనిపిస్తుంది. అది తలపైన ఒకే ఒక్క తీగను తాకుతూ పోతుంది. కరెంటు వచ్చే దారి ఒకటే కనిపిస్తోంది. తిరిగి వెళ్ళే దారి ఏది?

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. పట్టాలు! బరువు మోయడానికి వేసిన ఇనుప పట్టాల చేత కరెంటును కూడా మోయించవచ్చని లోకానికి చూపించి, ఆ కరెంటుతో నడిచే రైలులో వేలాది మందిని ఎక్కించి తిప్పిన మహానుభావుడు వెర్నర్ సీమెన్స్. స్విచ్‌ల మీద, ఆసుపత్రి యంత్రాల మీద, మోటార్ల మీద సీమెన్స్ అనే పేరు మనలో చాలామంది చూసే ఉంటారు. అది కంపెనీ పేరు అని తెలుసు. కానీ అది ఒక మనిషి పేరని, ఆ మనిషి ఇంజనీరింగు చదవడానికి డబ్బు లేక ప్రభుత్వ ఖర్చుతో చదువుకున్న పేద రైతు బిడ్డ అని కొద్దిమందికే తెలుసు. ప్రభుత్వం పెట్టిన అన్నం తిని చదువుకుంటున్న మనం ఆయన జీవితాన్ని తప్పక తెలుసుకోవాలి.

జననం – బాల్యం

వెర్నర్ సీమెన్స్ 1816 డిసెంబరు 13న జర్మనీ దేశంలోని హానోవర్ నగరం దగ్గర లెంతె అనే చిన్న ఊరిలో జన్మించాడు. తండ్రి క్రిస్టియన్ ఫెర్డినాండ్ సీమెన్స్ కౌలు రైతు. తల్లి ఎలియొనోర్. వారికి మొత్తం 14 మంది సంతానం. వెర్నర్ నాలుగోవాడు. సొంత భూమి లేని ఇల్లు, పైగా అంతమంది పిల్లలు. కౌలు చేసేవారి కష్టం మన మెట్ట ప్రాంతంలో పుట్టిన వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పంట వచ్చినా రాకపోయినా కౌలు కట్టాలి. 1823లో ఆ కుటుంబం లెంతెను వదిలి మెంజెన్‌డార్ఫ్ అనే ఊరికి వెళ్ళి అక్కడ మరో కమతం కౌలుకు తీసుకుంది.

వెర్నర్‌ను తండ్రి లూబెక్ పట్టణంలోని హైస్కూలులో చేర్పించాడు. అక్కడ ప్రాచీన భాషలకే పెద్దపీట. వెర్నర్‌కు మాత్రం లెక్కలన్నా, కొలతలన్నా ఇష్టం. ఇంజనీరు కావాలని కోరిక. బెర్లిన్‌లో అందుకు తగిన కళాశాల ఉంది. కానీ ఆ ఫీజులు, ఆ నగరంలో ఉండి తినే ఖర్చులు కౌలు రైతు భరించగలిగినవి కావు. ఇంట్లో తన వెనుక ఇంకా ఎంతోమంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చదువు కోసం ఎదురుచూస్తున్నారు.

ప్రభుత్వ ఖర్చుతో చదువు

అప్పుడు ఒక ఉపాయం తెలిసింది. ప్రష్యా రాజ్యపు సైన్యంలో చేరితే, అక్కడి బడిలో లెక్కలు, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం ఉచితంగా చెబుతారు. సైనికుడు కావాలని వెర్నర్‌కు ఆశ లేదు. చదువు కావాలి, అంతే. 1834లో హైస్కూలు చదువు పూర్తికాకుండానే 17 ఏళ్ళ వయసులో ఇల్లు విడిచి బయలుదేరాడు. బండికి డబ్బులు ఎక్కడివి? కాలినడకనే బెర్లిన్ చేరాడు. తాను కోరుకున్న ఇంజనీరింగు దళంలో ఖాళీలు లేవన్నారు. నిరాశపడి వెనక్కు తిరగలేదు. మాగ్దెబర్గ్‌లో ఫిరంగి దళంలో చేరితే ఆ బడిలోకే వెళ్ళవచ్చని తెలుసుకుని అక్కడికి కూడా నడిచే వెళ్ళాడు. ప్రవేశ పరీక్ష రాసి నెగ్గాడు.

1835 నుంచి 1838 వరకు మూడేళ్ళు బెర్లిన్‌లోని ఫిరంగి, ఇంజనీరింగు పాఠశాలలో చదివాడు. అక్కడ లెక్కలు చెప్పినవారిలో మార్టిన్ ఓమ్ ఒకరు. మనం పదో తరగతిలో చదివే ఓమ్ నియమాన్ని కనిపెట్టిన జార్జ్ ఓమ్‌కు ఆయన సొంత తమ్ముడు. ఈ పేరును విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. చివర్లో దీనితో పని ఉంది.

కుటుంబ బాధ్యత

చదువు పూర్తయి చిన్న సైనికాధికారి అయ్యాడో లేదో, ఇంటిమీద పిడుగు పడింది. 1839లో తల్లి చనిపోయింది. ఆ దిగులుతో తండ్రి కూడా 1840 మొదట్లోనే కన్నుమూశాడు. అప్పటికి వెర్నర్‌కు 23 ఏళ్ళు. చిన్న తమ్ముళ్ళ భారం ఆయన మీద పడింది. సైన్యం ఇచ్చే చిన్న జీతం తన ఒక్కడికే చాలీచాలనిది. దాంతో తమ్ముళ్ళను చదివించడం ఎలా? ఏదైనా కొత్త వస్తువు కనిపెట్టి, దాన్ని అమ్మి డబ్బు సంపాదించాలని నిశ్చయించుకున్నాడు. సీమెన్స్ ప్రయోగాల వెనుక మొదట ఉన్నది కీర్తి కాంక్ష కాదు, తమ్ముళ్ళ ఆకలి.

ఆ రోజుల్లోనే ఒక చిక్కులో ఇరుక్కున్నాడు. ఇద్దరు అధికారులు పంతానికి పోయి కత్తులు దూసుకుంటే, అందులో ఒకరి పక్షాన వెర్నర్ తోడుగా నిలబడ్డాడు. అటువంటి ద్వంద్వ యుద్ధాలు చట్టవిరుద్ధం. ఆయనకు ఐదేళ్ళు కోటలో ఖైదు విధించారు. మరొకరైతే తల పట్టుకుని కూర్చునేవారు. వెర్నర్ మాత్రం మాగ్దెబర్గ్ కోటలోని తన గదిని ప్రయోగశాలగా మార్చుకున్నాడు. బయట నుంచి రసాయనాలు తెప్పించుకున్నాడు. బంగారు ద్రావణం పోసిన గిన్నెలో జర్మన్ సిల్వర్ చెంచాను ముంచి, బ్యాటరీ కలిపి కరెంటు పంపాడు. కొద్దిసేపట్లోనే చెంచా బంగారంలా మెరిసింది. కరెంటుతో బంగారు పూత వేసే తన పద్ధతి అలా జైలు గదిలో రూపు దిద్దుకుంది. కొద్ది వారాల్లోనే రాజుగారి క్షమాభిక్ష వచ్చింది. విడుదల కబురు విని ఆయన సంతోషించడానికి బదులు ప్రయోగాలు మధ్యలో ఆగిపోతాయే అని దిగులుపడ్డాడు!

1842లో ఆ పద్ధతికి ప్రష్యా ప్రభుత్వం పేటెంటు ఇచ్చింది. తమ్ముడు విల్హెల్మ్ దాన్ని తీసుకుని ఇంగ్లండు వెళ్ళి మంచి ధరకు అమ్ముకొచ్చాడు. ఆ డబ్బు ఇంట్లో పిల్లల చదువులకు అక్కరకొచ్చింది.

చుట్టపెట్టెతో టెలిగ్రాఫ్

ఆ కాలంలో కొత్తగా వచ్చిన వింత టెలిగ్రాఫ్. తీగ వెంట కరెంటు పంపి దూరంలో ఉన్నవారికి కబురు చెప్పే యంత్రం. అప్పటి యంత్రాలు సరిగా పనిచేసేవి కావు. వెర్నర్ చుట్టలు పెట్టుకునే చెక్కపెట్టె, తగరపు రేకు, కొన్ని ఇనుప ముక్కలు, రాగి తీగ తీసుకుని సొంతంగా ఒక నమూనా తయారు చేశాడు. ముల్లు తిరిగి అక్షరం దగ్గర ఆగే టెలిగ్రాఫ్ అది. సైన్స్ ఫెయిర్‌కు అట్టపెట్టెలతో నమూనాలు చేసే మనకు ఇది ఎంత ధైర్యమిచ్చే సంగతి!

జోహాన్ జార్జ్ హాల్‌స్కె అనే నేర్పరి మెకానిక్ ఆ నమూనాను చూసి చేయి కలిపాడు. పెట్టుబడి ఒక బంధువు అప్పుగా ఇచ్చాడు. 1847 అక్టోబరులో బెర్లిన్‌లో ఒక ఇంటి వెనుక భాగంలో పదిమంది పనివాళ్ళతో సీమెన్స్ – హాల్‌స్కె కార్ఖానా మొదలైంది. ఈనాటి ప్రపంచ ప్రసిద్ధ సంస్థకు అదే విత్తనం.

భూమిలో వేసే తీగకు తడి తగలకుండా పైన తొడుగు ఉండాలి. మలయా ప్రాంతపు చెట్ల పాల నుంచి వచ్చే గట్టాపర్చా అనే పదార్థాన్ని, అతుకు లేకుండా తీగ చుట్టూ ఒత్తే యంత్రాన్ని సీమెన్స్ తయారు చేయించాడు. బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వరకు పెద్ద టెలిగ్రాఫ్ లైను వేశాడు. 1849లో సైన్యం నుంచి బయటకు వచ్చి పూర్తికాలం ఈ పనికే అంకితమయ్యాడు.

అయితే అన్నీ విజయాలే కాలేదు. తొందరలో లోతు లేకుండా పాతిన భూగర్భ తీగలు కొన్నేళ్ళకే చెడిపోయాయి. ప్రభుత్వం పనులు ఇవ్వడం మానేసింది. కార్ఖానా మూతపడే పరిస్థితి వచ్చింది. అప్పుడు మరో తమ్ముడు కార్ల్‌ను రష్యాకు పంపి అక్కడ లైన్లు వేసే పనులు సంపాదించాడు. ఇంగ్లండులో విల్హెల్మ్, రష్యాలో కార్ల్, జర్మనీలో వెర్నర్. ఏ తమ్ముళ్ళను ఆయన కడుపు కట్టుకుని చదివించాడో ఆ తమ్ముళ్ళే ఆయనను నిలబెట్టారు.

మన దేశానికి కూడా సీమెన్స్ సోదరుల పని చేరింది. లండన్ నుంచి బెర్లిన్, వార్సా, ఒడెస్సా, టెహ్రాన్ మీదుగా కలకత్తా వరకు సుమారు 11 వేల కిలోమీటర్ల టెలిగ్రాఫ్ మార్గం 1870లో పూర్తయింది. అందులో లండన్ నుంచి టెహ్రాన్ వరకు కట్టింది వారే. ఆ ఏడాది ఏప్రిల్‌లో లండన్ నుంచి పంపిన కబురు 28 నిమిషాల్లో కలకత్తా చేరింది. అంతకుముందు ఓడలో ఉత్తరం రావడానికి వారాలు పట్టేది. అయితే ఆ తీగ వేసింది మన కోసం కాదనీ, మనల్ని పాలించే దొరల సౌకర్యం కోసమనీ కూడా మనం మరువకూడదు.

డైనమో

అప్పటిదాకా కరెంటు అంటే ఎక్కువగా బ్యాటరీ నుంచే వచ్చేది. కబురు పంపడానికి కొంచెం కరెంటు చాలు. కానీ వీధి దీపం వెలగాలన్నా, బండి కదలాలన్నా చాలా కరెంటు కావాలి. బ్యాటరీలతో అది అయ్యే పని కాదు. 1842లోనే స్కాట్లండులో రాబర్ట్ డేవిడ్‌సన్ అనే ఆయన బ్యాటరీలతో నడిచే రైలు ఇంజను చేశాడు. అది నడిచింది కానీ, మనిషి నడకను మించి పెద్దగా పోలేదు. తన బ్యాటరీల బరువును తానే మోసుకోవాలి మరి!

చక్రం తిప్పితే కరెంటు పుట్టే యంత్రాలు అప్పటికే ఉన్నాయి. వాటిలో ఉక్కు అయస్కాంతాలు వాడేవారు. వాటి బలం తక్కువ. 1866లో సీమెన్స్ ఒక కిటుకు కనిపెట్టాడు. ఇనుములో ఎప్పుడూ కొద్దిపాటి అయస్కాంత శక్తి మిగిలి ఉంటుంది. దాని మధ్య తీగచుట్టను తిప్పితే కొద్దిపాటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటును మళ్ళీ అదే ఇనుము చుట్టూ తిప్పితే అయస్కాంతం బలపడుతుంది. బలపడిన అయస్కాంతం ఇంకా ఎక్కువ కరెంటు ఇస్తుంది. ఇలా తన కరెంటుతో తానే బలపడే యంత్రం డైనమో. 1867 జనవరిలో ఈ సంగతిని బెర్లిన్ సైన్స్ అకాడమీ ముందుంచారు. సరిగ్గా అదే రోజుల్లో ఇంగ్లండులో వీట్‌స్టన్, వార్లీ అనేవారు కూడా విడివిడిగా ఇదే ఆలోచనకు వచ్చారు. హంగరీ దేశపు యెడ్లిక్ అనే ఉపాధ్యాయుడు ఇంకా ముందే దీన్ని గ్రహించాడు. కాబట్టి ఈ ఘనత ఒక్కరిదే అనడం న్యాయం కాదు. దాని విలువను గుర్తించి ఫ్యాక్టరీలో తయారయ్యే వస్తువుగా మలచిన ఘనత మాత్రం సీమెన్స్‌దే.

పట్టాల నుంచి కరెంటు తాగిన రైలు

ఇక మన కథలోని ముఖ్య ఘట్టం. 1879 మే 31న బెర్లిన్‌లో పారిశ్రామిక ప్రదర్శన మొదలైంది. మన ఊళ్ళలో తిరునాళ్ళలో పిల్లల రైలు ఉంటుంది కదా, అంత చిన్న రైలు ఒకటి అక్కడ జనాన్ని అబ్బురపరిచింది. పట్టాల మధ్య దూరం 49 సెంటీమీటర్లు మాత్రమే. గుండ్రంగా వేసిన దారి 300 మీటర్లు. ఇంజను బలం మూడు గుర్రాల శక్తి. దాని మీద డ్రైవరు గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చునేవాడు. వెనుక మూడు చిన్న పెట్టెలు, ఒక్కోదానిలో ఆరుగురు. గంటకు ఏడు కిలోమీటర్ల వేగం. పొగ లేదు, బొగ్గు లేదు, నీళ్ళు లేవు, బ్యాటరీ కూడా లేదు. నిజానికి ఆ ఇంజనును మొదట బొగ్గు గనిలో వాడడానికి చేశారు.

మరి శక్తి ఎక్కడిది? ప్రదర్శనశాలలో ఒక ఆవిరి యంత్రం డైనమోను తిప్పుతోంది. అందులో పుట్టిన 150 వోల్టుల కరెంటు, రెండు పట్టాల నడుమ చెక్క దిమ్మెల మీద నిలబెట్టిన మూడో ఇనుప పట్టీలోకి వెళుతుంది. ఇంజను కింద ఉన్న లోహపు బ్రష్ ఆ పట్టీని రాసుకుంటూ పోతుంది. కరెంటు మోటారులోకి వెళ్ళి, దాన్ని తిప్పి, చక్రాల ద్వారా బయటి పట్టాలలోకి దిగి తిరిగి డైనమోకు చేరుతుంది. వెళ్ళే దారి నడుమ పట్టీ, తిరుగు దారి మామూలు పట్టాలు.

ఇందులోని తెలివి గమనించండి. డేవిడ్‌సన్ ఇంజను శక్తి పుట్టే చోటును కూడా వెంట మోసుకుపోయింది. సీమెన్స్ ఆ బరువునంతా ఒకచోట నేల మీద వదిలేసి, కరెంటును మాత్రమే రైలు దగ్గరకు పంపాడు. నాలుగు నెలల్లో సుమారు 86 వేల మంది ఆ చిన్న రైలెక్కారు. ఆ ఇంజను ఈనాటికీ మ్యూనిక్ నగరంలోని మ్యూజియంలో భద్రంగా ఉంది.

రెండేళ్ళ తర్వాత, 1881 మే నెలలో బెర్లిన్ పక్కనే ఉన్న లిష్టర్‌ఫెల్డెలో నిజమైన వీధి ట్రాము నడిచింది. రైల్వే స్టేషను నుంచి సైనిక పాఠశాల వరకు రెండున్నర కిలోమీటర్లు. ఇక్కడ నడుమ పట్టీ తీసేశారు. ఒక పట్టా వెళ్ళే దారి, రెండో పట్టా తిరుగు దారి. మధ్యలో 180 వోల్టులు. బొమ్మ రైళ్ళలో ఈనాడు వాడే పద్ధతి సరిగ్గా ఇదే!

కానీ బొమ్మకు సరిపోయినది వీధికి సరిపోలేదు. దారి దాటే గుర్రాలు రెండు పట్టాలనూ ఒకేసారి తొక్కినప్పుడు షాకు కొట్టి బెదిరిపోయేవి. మనుషులకూ అదే ప్రమాదం. సీమెన్స్ ఆ లోపాన్ని దాచిపెట్టలేదు, పట్టుబట్టి దాన్నే కొనసాగించలేదు. కరెంటు వచ్చే దారిని మనుషులకు అందనంత ఎత్తున తీగ మీదికి మార్చే పని చేపట్టాడు. ఆ సంవత్సరమే పారిస్ ప్రదర్శనలో తలపై నుంచి కరెంటు తీసుకునే ట్రామును చూపించాడు. తిరుగు దారిగా పట్టాలు ఉండే పద్ధతి తర్వాత లోకమంతా స్థిరపడింది. మన దేశంలో మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడిచింది. ఈనాడు మధిర మీదుగా పోయే లైనులో పై తీగలో 25 వేల వోల్టులు ఉంటాయి. పని చేసిన కరెంటు ఇంజను చక్రాల ద్వారా పట్టాలలోకి దిగి సబ్‌స్టేషనుకు తిరిగి చేరుతుంది.

చిన్న పెట్టెలో చిన్న దీపం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సైన్స్ ఫెయిర్‌కు ఎవరైనా చేయాలనుకుంటే ఇది పనికొస్తుంది.

బొమ్మ రైలు పట్టాలలో సాధారణంగా 12 వోల్టుల వరకు డి.సి. కరెంటు ఉంటుంది. పెట్టె చక్రాలు లోహానివి కావాలి. కానీ ఒక ఇరుసుకు ఉన్న రెండు చక్రాలలో ఒకదానికి నడుమ ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. లేకపోతే ఆ ఇరుసే రెండు పట్టాలనూ కలిపేసి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. పల్చటి ఇత్తడి రేకు ముక్కలను కుడి చక్రాలకు ఒకటి, ఎడమ చక్రాలకు ఒకటి తాకేలా బిగించాలి. వాటి నుంచి రెండు సన్నని తీగలు పైకప్పులోని దీపానికి వెళతాయి. దారి పూర్తయింది, దీపం వెలుగుతుంది.

ఇక్కడ మూడు చిక్కులు వస్తాయి. మొదటిది, ఎల్.ఇ.డి. దీపం ఒకే దిక్కు కరెంటుకు వెలుగుతుంది. బొమ్మ రైలు వెనక్కి నడవాలంటే పట్టాలలో కరెంటు దిక్కు మారుస్తాం. అప్పుడు దీపం ఆరిపోతుంది. నాలుగు డయోడ్లతో బ్రిడ్జి కట్టి మధ్యలో పెడితే రైలు ఎటు నడిచినా దీపానికి కరెంటు ఒకే దిక్కున అందుతుంది. తెల్లని ఎల్.ఇ.డి.కి మూడు వోల్టులే చాలు కాబట్టి 1000 ఓముల రెసిస్టరు ఒకటి వరుసలో కలపాలి. అప్పుడు సుమారు 8 మిల్లీ ఆంపియర్లు మాత్రమే ప్రవహిస్తుంది.

రెండోది, మినుకు మినుకుమనడం. పట్టా మీద దుమ్ము పడినా, చక్రానికి మురికి పట్టినా స్పర్శ తెగి దీపం ఆరి వెలుగుతుంది. పట్టాలను శుభ్రంగా తుడవాలి. ఒక చక్రం తప్పినా మరో చక్రం అందుకునేలా వీలైనన్ని చక్రాల నుంచి కరెంటు తీసుకోవాలి. బ్రిడ్జి తర్వాత 25 వోల్టులకు తగిన 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే, కరెంటు తెగినా సుమారు అర సెకను దీపాన్ని నిలుపుతుంది. దాని ప్లస్, మైనస్ కాళ్ళు తారుమారు కాకూడదు.

మూడోది, రైలు ఆగితే దీపం కూడా ఆరిపోతుంది. ఎందుకంటే రైలును ఆపడమంటే పట్టాలలో కరెంటు తీసేయడమే. నిజమైన రైలు పెట్టెలకు కూడా ఈ చిక్కు ఉండేది. పాత రకం పెట్టెల కింద ఇరుసుకు బెల్టు వేసి, మొదట్లో డైనమోను, తర్వాతి కాలంలో ఆల్టర్నేటరును తిప్పేవారు. రైలు నడుస్తుంటే దీపాలకు కరెంటు వస్తుంది, 110 వోల్టుల బ్యాటరీలు కూడా నిండుతాయి. స్టేషనులో ఆగినప్పుడు ఆ బ్యాటరీలే ఫ్యాన్లకు, లైట్లకు ఆధారం. ఈమధ్య వచ్చిన కొత్త రైళ్ళలో చాలావాటికి ఇంజను తన పై తీగ నుంచే పెట్టెలకు కూడా కరెంటు పంపుతోంది.

ఒక హెచ్చరిక. ఈ ప్రయోగాన్ని 9 వోల్టుల బ్యాటరీతోనో, 12 వోల్టుల అడాప్టరుతోనో మాస్టారి పర్యవేక్షణలో మాత్రమే చేయాలి. గోడలోని 230 వోల్టుల కరెంటుకు ఎన్నడూ కలపకూడదు. నిజమైన రైలు పట్టాల దగ్గర, తీగల దగ్గర ఎటువంటి ప్రయోగమూ చేయరాదు.

చివరి రోజులు

సీమెన్స్ తన కార్ఖానా పనివాళ్ళ కోసం 1872లోనే పింఛను నిధి ఏర్పాటు చేశాడు. ముసలితనంలో వారికీ, వారి తర్వాత భార్యాపిల్లలకూ అది ఆసరా. నేర్పరులైన పనివాళ్ళు తనను వదిలిపోకూడదన్న వ్యాపార దృష్టి కూడా అందులో ఉంది. అయినా అలాంటి చట్టం ఏదీ లేని కాలంలో ఆయన చేసిన పని అది. కొత్త పరిశోధనలు చేసే జాతీయ సంస్థ దేశానికి అవసరమని ప్రభుత్వాన్ని ఒప్పించి, అందుకు సుమారు ఐదు లక్షల మార్కుల విలువైన స్థలం ఇచ్చాడు. 1887లో ఆ సంస్థ బెర్లిన్‌లో వెలసింది. ఎక్కడైతే ఫీజు కట్టలేక ఇంజనీరింగు కళాశాల గుమ్మం తొక్కలేకపోయాడో, ఆ నగరంలోనే దేశానికి ప్రయోగశాల ఇచ్చాడు.

1889లో నిజాం రైల్వే లైను మన పక్క మధిర మీదుగా బెజవాడకు చేరింది. అప్పటికి సీమెన్స్ బతికే ఉన్నాడు. తాను చూపిన దారిలో కరెంటు రైళ్ళు ఒకనాడు ఆ దారినే పోతాయని ఆయనకు తెలిసే అవకాశం లేదు. 1892లో తన జీవిత చరిత్రను ప్రచురించి, ఆ ఏడాదే డిసెంబరు 6న, 76వ పుట్టినరోజు ఇంకా వారం ఉందనగా సీమెన్స్ కన్నుమూశాడు.

కరెంటును ఒక వస్తువు ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత ఓమ్. ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే కొలతకు 1971లో ప్రపంచ శాస్త్రజ్ఞులు సీమెన్స్ అని పేరు పెట్టారు. ఒకటి రెండోదానికి తలకిందులు. పేదపిల్లవాడిగా ఎవరి దగ్గర లెక్కలు నేర్చుకున్నాడో ఆ గురువుగారి అన్నగారి పేరు పక్కనే, మన పాఠ్యపుస్తకంలో ఆయన పేరు నిలిచింది.

మనం నేర్చుకోవలసింది

మిత్రులారా! సీమెన్స్ గొప్ప ఇంట పుట్టలేదు. కోరుకున్న కాలేజీలో సీటు దొరకలేదు. దొరికిన బడిలోనే చదివాడు. ప్రయోగశాల లేదని ఆగలేదు, ఖైదు గదినే ప్రయోగశాల చేసుకున్నాడు. ఖరీదైన సామాను లేదని ఆగలేదు, చుట్టపెట్టెతో మొదలుపెట్టాడు. తప్పు జరిగిన చోట దాన్ని సరిదిద్దుకున్నాడు.

హాస్టల్‌లో ఉండి చదివేవాళ్ళంటే కొందరు చిన్నచూపు చూస్తారు. ప్రభుత్వం సొమ్ముతో చదువుతున్నారని మాట అంటారు. ఆ మాటకు మనం తలదించుకోనక్కరలేదు. అది మన హక్కు. పట్టాల మీద కరెంటు రైలు నడిపినవాడు కూడా అలా చదివినవాడే. అయితే బొమ్మ రైలు దీపం మనకో సంగతి చెబుతోంది. కరెంటు వచ్చే దారి ఒక్కటే ఉంటే వెలుగు రాదు, తిరిగి వెళ్ళే దారి కూడా ఉండాలి. సీమెన్స్ చదువుకుని పైకి వచ్చాక తమ్ముళ్ళకు, పనివాళ్ళకు, దేశానికి తాను పొందినది తిరిగి ఇచ్చాడు. మనం కూడా బాగా చదువుకుని, రేపు మన ఇంట్లో తమ్ముడికో చెల్లికో, మన పేటలో మరో పిల్లవాడికో చేయి అందిద్దాం. అదే మనం వెర్నర్ సీమెన్స్‌కు ఇచ్చే నిజమైన నివాళి.